గన్నేరు ఉన్న ఇంట పెంపుడు జంతువులు

సంస్కృత నిఘంటువులు గన్నేరుకు చెప్పిన పేర్లలో కరవీరం అందరూ ఎరిగినది. వినాయక చవితి పూజలో ఏటా చెవిని పడేది. అదే మొక్కకు అశ్వమారకమనీ, హయమారకమనీ కూడా పేర్లున్నాయి. రెండింటి అర్థమూ ఒకటే: గుర్రాన్ని చంపేది. అంతటి బలమైన జంతువును సైతం ఈ మొక్క పడగొట్టగలదని గమనించిన పూర్వులు పేరులోనే ఆ హెచ్చరికను భద్రపరచారు. ఆయుర్వేదం కరవీరాన్ని ఉపవిషాలలో చేర్చింది. తెలుగువారు నిత్యం పలికే గన్నేరు అన్న మాటలో మాత్రం ఆ హెచ్చరిక వినిపించదు. పైగా ఆ ఒక్క మాట నాలుగు వేర్వేరు మొక్కలకు పేరుగా స్థిరపడింది. ఇంట్లో కుక్కనో, పిల్లినో, రెండు మేకలనో పెంచుకొనే కుటుంబానికి ఈ రెండు విషయాలూ తెలిసి ఉండడం అవసరం.

చంద్రపూర్‌లో వేసవి పగళ్ళు 46, 47 డిగ్రీలకు చేరడం కొత్త కాదు. ఆ ఎండకు, నీటి ఎద్దడికి, బొగ్గు ధూళికి తట్టుకొని పచ్చగా నిలిచే పూలమొక్కలు కొన్నే. వాటిలో గన్నేరుది ముందు వరుస. వారానికి ఒకసారి నీరు దొరికినా బతుకుతుంది, ఏడాదిలో ఎక్కువ నెలలు పూస్తుంది, రోడ్డున పోయే మేక పచ్చి ఆకును సాధారణంగా ముట్టదు. జాతీయ రహదారుల డివైడర్ల మీద దీనినే నాటడానికి కారణాలు ఇవే. ఆదిలాబాద్, మంచిర్యాల, కరీంనగర్ ప్రాంతాల నుండి వచ్చి బల్లార్‌పూర్, ఘుగ్గుస్, దుర్గాపూర్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది పూజ పువ్వు కూడా. ఎర్రనిది అమ్మవారికి, తెల్లనిది శివునికి అని ఇంటి ముందు రెండు రంగుల మొక్కలూ పెంచడం పరిపాటి. అదే గుమ్మం ముందు కుక్కపిల్ల ఆడుకొంటుంది.

ఈ మొక్క కుక్కకు క్షేమమేనా అన్న ప్రశ్నకు సూటి సమాధానం: కాదు. ఆకు, పువ్వు, కాడ, బెరడు, వేరు, గింజ అన్నీ విషమే. కుక్కకు మాత్రమే కాదు. పిల్లికి, ఆవుకు, మేకకు, గుర్రానికి, పంజరంలోని పక్షికి, మనిషికి కూడా. అయితే ఈ సమాధానం అసలైన గన్నేరుకు చెందినది. ప్రశ్న అడిగినవారి మనసులో ఉన్నది ఏ గన్నేరో ముందు తేల్చుకోవాలి.

నాలుగు గన్నేరులు

మొదటిది ఎర్ర గన్నేరు, తెల్ల గన్నేరు, గులాబీ రంగు గన్నేరు అని రంగును బట్టి పిలుచుకొనేది. శాస్త్రీయ నామం నీరియం ఒలియాండర్. ఆకులు సన్నగా, పొడవుగా, తోలువలె మందంగా ఉంటాయి. కణుపు వద్ద సాధారణంగా మూడేసి పుడతాయి. నడుమ పాలిపోయిన ఈనె స్పష్టంగా కనబడుతుంది. కాయ సన్నని జంట చిక్కుడులా పొడవుగా పెరిగి, ఎండి పగిలితే నూగు అంటిన గింజలు ఎగురుతాయి. మరాఠీలో దీని పేరు కణ్హేర, హిందీలో కనేర్.

రెండవది పచ్చ గన్నేరు. ఇది వేరే మొక్క. కాస్కబెలా థెవీషియా దాని శాస్త్రీయ నామం. స్వస్థలం మెక్సికో, మధ్య అమెరికా. ఆకులు మొదటిదాని కంటె సన్నగా, నిగనిగలాడుతూ కొమ్మ చుట్టూ మెలికగా అమరి ఉంటాయి. పువ్వు పసుపు రంగులో, కొన్నిచోట్ల నారింజ ఛాయలో, గరాటు ఆకారంలో ఉంటుంది. తుంచితే తెల్లని పాలు కారుతాయి. కాయ ఆకుపచ్చగా, మధ్యలో గట్టువంటి అంచుతో ఉండి, పండితే నల్లబడుతుంది. లోపల గట్టి టెంక ఉంటుంది. మరాఠీలో పివళీ కణ్హేర అనీ, బిట్టీ అనీ అంటారు. విషంలో ఇది మొదటిదానికి ఏమాత్రం తీసిపోదు. గింజలో విషం మరీ గాఢంగా ఉంటుంది. ఇక్కడ భాషాపరమైన చిక్కు ఒకటి ఉంది. తెలుగులో పచ్చ అంటే పసుపు రంగు, ఆకు రంగు రెండూను. ఆ మాటను అక్షరాలా మరాఠీలోకి మార్చి హిరవీ కణ్హేర అంటే వినేవారికి అర్థం కాదు. హిరవా ఆకు రంగు, పివళా పసుపు రంగు. చెప్పవలసినది పివళీ.

మూడవది దేవ గన్నేరు. వాడగన్నేరు అని కూడా అంటారు. ఇది ప్లుమేరియా. బొద్దుగా కండపట్టిన కొమ్మలు, అరచేతి కంటె పెద్దవైన వెడల్పాటి ఆకులు, తెలుపులో పసుపు కలిసిన సువాసన గల పువ్వులు దీని గుర్తులు. ఎండకాలానికి ముందు ఆకులన్నీ రాల్చి మోడుగా నిలుస్తుంది. దీని పాలు తగిలితే నోరు మండుతుంది, చర్మం దురద పెడుతుంది, మింగితే వాంతులు, విరేచనాలు కావచ్చు. ప్రాణం మీదికి రావడం అరుదు. మరాఠీలో చాఫా. ఈ సందర్భంలో మరాఠీవారి తిరకాసూ గమనించదగినదే: వారు సోన్‌చాఫా అనేది తెలుగువారి సంపంగి, హిరవా చాఫా అనేది మనోరంజని. ఆ రెండింటికీ దేవ గన్నేరుతో ఏ చుట్టరికమూ లేదు. పేర్ల విషయంలో ఏ భాషా మరొక భాషను ఎగతాళి చేయగల స్థితిలో లేదు.

నాలుగవది బిళ్ళ గన్నేరు. మోకాలి ఎత్తు దాటని చిన్న మొక్క, అయిదు రేకుల గులాబీ లేదా తెల్లని పువ్వు, ఏడాది పొడవునా పూత. డబ్బాల్లో, గోడ పగుళ్ళలో సైతం మొలుస్తుంది. శాస్త్రీయ నామం క్యాథరాంథస్ రోసియస్, స్వస్థలం మడగాస్కర్ ద్వీపం. మరాఠీలో సదాఫులీ, హిందీలో సదాబహార్. ఇందులోని విషపదార్థాలు మొదటి రెండింటి విషంవలె గుండెను పట్టవు. అవి వేరే జాతి ఆల్కలాయిడులు. కుక్కగాని పిల్లిగాని ఎక్కువగా తింటే వాంతులు, విరేచనాలు, నీరసం, కొన్ని సందర్భాలలో వణుకు కలుగుతాయి. ఈ మొక్క నుండి తీసిన విన్‌క్రిస్టీన్ అనే మందు 1960ల నుండి మనుషుల రక్త క్యాన్సర్ చికిత్సలో వాడుకలో ఉంది. కుక్కలలో సంపర్కం వల్ల ఒకదాని నుండి మరొకదానికి అంటుకొనే జననాంగాల కణితికి పశువైద్యులు ఇచ్చే ప్రధాన ఔషధం కూడా అదే. వీధి కుక్కలకు తరచుగా వచ్చే వ్యాధి అది. అయినప్పటికీ మందు ఉంది కదా అని ఆకు తినిపించడం తగదు. సూదిలో మిల్లీగ్రాముల లెక్కన, రక్త పరీక్షలు చూసుకొంటూ ఇచ్చే మందుకు, పెరటి ఆకుకు పోలిక లేదు.

ఈ నాలుగూ వృక్షశాస్త్రం ప్రకారం ఒకే కుటుంబానికి చెందినవి కావడం వల్ల తెలుగువారు పెట్టిన పేరు అర్థం లేనిది కాదు. వీటిలో మన ప్రాచీన గ్రంథాలు ఎరిగినది మొదటిదొక్కటే. తక్కిన మూడూ సముద్రాలు దాటి వచ్చి, ఇక్కడి పేరు తగిలించుకొని, ఇక్కడివైపోయినవి.

పశువైద్యశాలలో పేరు ఎందుకు ముఖ్యం

చంద్రపూర్‌లోని పశువైద్యుడు మరాఠీలోగాని హిందీలోగాని మాట్లాడతాడు. అక్కడికి వెళ్ళిన తెలుగువాడు ‘గన్నేరు తిన్నది’ అంటే ఆయనకు తెలిసేది ఏమీ లేదు. ఎవరైనా సాయపడి అర్థం చెప్పబోయి, తమ ఇంటి ముందు ఉన్న బిళ్ళ గన్నేరును తలచుకొని సదాఫులీ అన్నారనుకొందాం. వైద్యుడు సాధారణ కడుపు నొప్పిగా భావించి మందు ఇచ్చి పంపవచ్చు. నిజంగా తిన్నది కణ్హేర అయితే, గుండె లయను చూడవలసిన గంటలు అలా వృథాగా గడిచిపోతాయి. అందుచేత జంతువుతో పాటు తప్పనిసరిగా తీసుకువెళ్ళవలసినది ఆ మొక్క రెమ్మ: ఆకు, పువ్వు, దొరికితే కాయ, అన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో. రెమ్మ కోసే వ్యవధి లేకపోతే ఫోనులో ఫొటో. పేరు తప్పవచ్చు, రెమ్మ తప్పదు.

నోటితో చెప్పవలసి వస్తే ఈ మరాఠీ వాక్యాలు చాలు. కుక్క గన్నేరు ఆకు తిన్నదనడానికి ‘మాఝ్యా కుత్ర్యానే కణ్హేరీచీ పానే ఖాల్లీ’. పచ్చ గన్నేరు కాయ తిన్నదనడానికి ‘మాఝ్యా కుత్ర్యానే బిట్టీచే ఫళ ఖాల్లే’. పిల్లి అయితే ‘మాఝ్యా మాంజరానే’, మేక అయితే ‘శేళీనే’, ఆవు అయితే ‘గాయీనే’ అని మొదటి మాటలు మారతాయి. విషప్రభావాన్ని ‘విషబాధా’ అంటారు. ఎప్పుడు తిన్నదో, సుమారుగా ఎంత తిన్నదో, జంతువు బరువు ఎంతో కూడా వైద్యుడు అడుగుతాడు.

విషం చేసే పని

అసలు గన్నేరులోని ప్రధాన విషపదార్థం ఒలియాండ్రిన్. పచ్చ గన్నేరులోవి థెవెటిన్, పెరువోసైడ్ మొదలైనవి. ఇవన్నీ గుండె జబ్బులకు వాడే డిజాక్సిన్ అనే మందుకు దగ్గరి బంధువులు. గుండె కండరంలోని ప్రతి కణమూ సోడియంను బయటికి, పొటాషియంను లోపలికి నెట్టే ఒక పంపు సాయంతో పనిచేస్తుంది. ఈ విషం ఆ పంపును బిగించివేస్తుంది. దాంతో కణంలోకి కాల్షియం ఎక్కువగా చేరి, రక్తంలో పొటాషియం పెరిగి, గుండె లయ తప్పుతుంది. కొట్టుకొనడం ఒకసారి మందగిస్తుంది, ఒకసారి పరుగెడుతుంది, నడుమ తప్పిపోతుంది, చివరకు ఆగిపోవచ్చు.

లక్షణాలు సాధారణంగా కొన్ని గంటల్లో మొదలవుతాయి. ముందు కడుపు: చొంగ కారడం, వాంతులు, కడుపు నొప్పి, విరేచనాలు, కొన్నిసార్లు వాటిలో రక్తం. తరువాత నీరసం, కాళ్ళు చల్లబడడం, తూలడం, వణుకు. కుక్క ఎడమ మోచేతి వెనుక, పక్కటెముకల మీద అరచేయి ఉంచితే గుండె చప్పుడు తెలుస్తుంది. అది క్రమం తప్పుతున్నట్లు అనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆగరాదు. ఆవులు, మేకల విషయంలో ఏ లక్షణమూ గమనించక ముందే పశువు చనిపోయి కనబడడం కూడా జరుగుతుంది.

పరిమాణం ఎంత స్వల్పమో తెలిస్తే అశ్వమారకం అన్న పేరు అతిశయోక్తి కాదని అర్థమవుతుంది. పశువులపై జరిగిన పరిశీలనలలో శరీర బరువులో కిలోకు సుమారు 50 మిల్లీగ్రాముల ఎండుటాకు ప్రాణాంతకమని తేలింది. 300 కిలోల ఆవుకు అది 15 గ్రాములు. ఒక గడ్డి మోపులో అంత ఎండుటాకు కలిసినా కంటికి ఆనదు. మేకకు, కుక్కకు, పిల్లికి ఎంత తక్కువ సరిపోతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

తినని ఆకును జంతువు ఎలా తింటుంది

‘మా మేకలు ఏనాడూ గన్నేరును ముట్టలేదు’ అనేది పశువులు పెంచేవారి సాధారణ వాదన. అది నిజమే. పచ్చి ఆకు చేదు. దానిని జంతువులు వదిలేస్తాయి. ప్రమాదం చెట్టు మీద ఉన్న ఆకుతో కంటె, కోసి పడేసిన ఆకుతో ఎక్కువ.

కంచె కత్తిరించిన రోజున కొమ్మలను రోడ్డు పక్కన కుప్ప వేస్తారు. రెండు రోజుల ఎండకు అవి వాడి, ఎండి, రాలి, పక్కనున్న గడ్డిలో కలిసిపోతాయి. ఎండినా విషం పోదు. ఆకును వేరుగా గుర్తుపట్టి వదిలేసే వీలు మాత్రం పశువుకు పోతుంది. ఎండాకాలంలో మేత కరవై ఆకలితో తిరిగే ఆవు ఆ కుప్పలో ఏరుకొని తినదు, ఉన్నదంతా నమిలేస్తుంది. పచ్చగడ్డితో పాటు గన్నేరు కొమ్మలను కూడా కోసి ఒకే మోపు కట్టడం, పెరటి చెత్తను పశువు ముందు వేయడం ఇటువంటివే.

2024లో కేరళలో ఇదే మొక్క చర్చకు వచ్చింది. అక్కడి భాషలో దీని పేరు అరళి. ఒక యువతి మరణానికి అరళి ఆకులు నమలడం కారణమై ఉండవచ్చన్న అనుమానం వ్యక్తమైంది. పతనంతిట్ట జిల్లా అడూరు ప్రాంతంలో అరళి ఆకులు తిన్న ఆవు, దూడ మృతి చెందినట్లు వార్తలు వచ్చాయి. ఆ ఏడాది మే నెలలో తిరువాంకూరు దేవస్వం బోర్డు తన ఆలయాల్లో నైవేద్యానికి, ప్రసాదానికి అరళి పువ్వును వాడరాదని నిర్ణయించింది. పువ్వు భక్తుల నోటికి చేరే మార్గాలను మూసివేయడమే దాని ఉద్దేశం.

చంద్రపూర్‌లోని తెలుగు ఇళ్ళకు దీనితో నేరుగా సంబంధం ఉన్న రోజు వినాయక చవితి. ఆ పూజలోని ఇరవై ఒక్క పత్రాలలో కరవీర పత్రం ఒకటి. దత్తూర పత్రం అంటే ఉమ్మెత్త, అర్క పత్రం అంటే జిల్లేడు కూడా అందులోనివే. ఆ రెండూ విషమొక్కలే. దేవునికి సమర్పించడంలో దోషమేమీ లేదు. పూజ ముగిసిన తరువాత ఏమవుతుందన్నదే ప్రశ్న. నిర్మాల్యాన్ని కాలు తగలని చోట వేయాలన్నది పెద్దల మాట. పల్లెలో కాలు తగలని చోటంటే బావి గట్టు, చెట్టు మొదలు, పారే నీరు. నగరంలో అదే మాటను పాటించి రావి చెట్టు మొదట్లో పత్రిని పోగు చేస్తే, ఆ చెట్టు కిందికి మనుషుల కాళ్ళు రాకపోయినా మేకలు, ఆవులు వస్తాయి. పత్రిలో గరిక, మారేడు, మామిడి వంటి పశువు ఇష్టంగా తినే ఆకులు కూడా ఉండడం వల్ల, వాటితో పాటు గన్నేరు, ఉమ్మెత్త కడుపులోకి పోతాయి. పూజ పత్రిని గోమాతకు పెడితే పుణ్యమని భావించి చేతితో తినిపించేవారూ లేకపోలేదు. మహారాష్ట్ర నగరాలలో నిమజ్జన స్థలాల వద్ద ఉంచే నిర్మాల్య కలశం ఈ అవసరానికి సరిగ్గా సరిపోతుంది. అందులో వేసినది ఎవరి కాలికీ తగలదు, ఏ పశువు నోటికీ అందదు. పత్రి విప్పేటప్పుడే ఈ మూడు ఆకులను వేరుగా ఒక కాగితంలో చుట్టి ఉంచుకొంటే మరీ మంచిది.

కుక్కల విషయం కొంత వేరు. కుక్కపిల్లకు పళ్ళు వచ్చే దశలో దొరికిన ప్రతి పుల్లా ఆటవస్తువే. కత్తిరించిన గన్నేరు పుల్లను విసిరి తెమ్మనడం, దానిని కట్టెగా ఇచ్చి కొరకనివ్వడం ప్రమాదకరం. పచ్చ గన్నేరు కింద రాలిన కాయలు బంతుల్లా దొర్లుతాయి. కుక్కలూ పిల్లలూ వాటితోనే ఆడతారు. ఆ చెట్టు ఉన్న ఇంట ప్రతి ఉదయం కాయలు ఏరివేయడం వాకిలి ఊడ్చినంత నియమంగా సాగాలి. పిల్లులు నేరుగా ఆకు కొరకడం తక్కువ, కాని కుండీలలో నమలడానికి గడ్డి దొరకనప్పుడు ఏ ఆకునైనా రుచి చూస్తాయి. పంజరంలోని లవ్ బర్డ్స్‌కు కూర్చొనడానికి గన్నేరు పుల్లను ఎన్నడూ అమర్చరాదు.

వేసవిలో దయగల కుటుంబాలు వీధి కుక్కలకు, పక్షులకు మట్టి పాత్రలలో నీరు పెడతాయి. నీడ కోసం ఆ పాత్రను గన్నేరు కింద ఉంచడం ఈ నగరంలో కనబడే పొరపాటు. ఆకులు, పువ్వులు అందులో రాలి నానితే విషం నీటిలోకి దిగుతుంది. పాత్రను వేరే నీడకు మార్చి, రోజూ నీరు పారబోసి కడగడం మంచిది. పూజ పువ్వులు ఉంచిన గ్లాసులోని నీటికీ ఇదే వర్తిస్తుంది.

తిన్నదని తెలిసినప్పుడు

నోటిలో మిగిలిన ఆకును వేలితో తీసివేసి, కుక్క స్పృహలో ఉంటే నోటిని నీటితో తుడవాలి. మిగతా మొక్క నుండి జంతువును దూరంగా కట్టివేసి, రెమ్మ తీసుకొని వెంటనే పశువైద్యశాలకు బయలుదేరాలి. లక్షణాల కోసం ఎదురుచూడడం సరికాదు. వాంతి అయింది కదా, విషం పోయిందిలే అనుకొనడం అంతకంటె పెద్ద తప్పు.

ఇంటి వైద్యం పేరుతో ఇచ్చేవి చాలావరకు హాని చేసేవే. ఉప్పునీరు తాగించి వాంతి చేయించడం వల్ల చిన్న కుక్కకు రక్తంలో సోడియం పెరిగి మరొక విషప్రమాదం తోడవుతుంది. చింతపండు పులుసు, మజ్జిగ, నూనె, పచ్చి గుడ్డు ఏవీ ఈ విషానికి విరుగుడు కావు. నీరసించిన జంతువు నోటిలో ద్రవం పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. వాంతి చేయించాలా వద్దా అన్నది వైద్యుని నిర్ణయం. ఆయన వద్ద దానికి తగిన మందు, విషాన్ని పీల్చుకొనే యాక్టివేటెడ్ చార్కోల్, గుండె మందగిస్తే ఇచ్చే అట్రోపిన్, సెలైన్ ఉంటాయి. డిజాక్సిన్ విషానికి వాడే ప్రత్యేక యాంటీబాడీలు ఈ విషంపై పనిచేస్తాయి గాని, వాటి ధర, లభ్యత దృష్ట్యా జంతువులకు దొరకడం అరుదు. అందువల్ల తొలి గంటలలో జరిగే చికిత్సే ఆశ. మొదటి రోజు గడిచిన తరువాత కూడా గుండె పరీక్ష అవసరం కావచ్చు.

ప్రభుత్వ పశువైద్యశాల బోర్డు మీద మరాఠీలో పశువైద్యకీయ దవాఖానా అని ఉంటుంది. ఆవు, గేదె, మేకల వంటి కదిలించలేని పశువుకు సంచార పశుచికిత్స వాహనం కోసం 1962 అనే ఉచిత నంబరుకు ఫోను చేయవచ్చు. ఈసీజీ వంటి పెద్ద పరీక్షలు అవసరమైతే ఇక్కడికి సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని నాగపూర్‌లో ప్రభుత్వ పశువైద్య కళాశాల ఉంది. అంత దూరం బయలుదేరే ముందు స్థానికంగా ప్రథమ చికిత్స చేయించుకొనడం అవసరం. విషం తిన్న ఆవు పాలను వైద్యుడు చెప్పే వరకు ఇంటివారుగాని దూడగాని తాగరాదు.

మొక్కను కొట్టివేయాలా

అన్ని ఇళ్ళకూ ఒకే సమాధానం లేదు. పెద్ద వయసు కుక్క, గోడ బయట గన్నేరు ఉన్న ఇంట జాగ్రత్త చాలు. కుక్కపిల్ల, పాకే పసిబిడ్డ, పెరట్లో కట్టిన మేక ఉన్న ఇంట మొక్కను తీసివేయడమే ఉచితం. పచ్చ గన్నేరు విషయంలో మొగ్గు తీసివేయడం వైపే ఉండాలి. దాని కాయలు రాలడం ఆపడం ఎవరి వల్లా కాదు. పూజకు పువ్వు కావాలంటే మందార ఉంది: ఎర్రనిది అమ్మవారికి చెల్లుతుంది, కుక్కకు హాని చేయదు, నీరు కొంచెం ఎక్కువ అడుగుతుంది. మల్లె, గులాబీ, తులసి కూడా పెంపుడు జంతువుల ఇంట నిశ్చింతగా ఉంచుకోదగినవి. చేమంతి, కలబంద తింటే కుక్కకు కడుపు చెడుతుంది. మనీ ప్లాంట్, డైఫెన్‌బాకియా ఆకులలోని సూదులవంటి స్ఫటికాలు నోటిని మండిస్తాయి. అలంకారానికి పెట్టే సైకస్ గింజ కుక్క కాలేయాన్ని దెబ్బతీసి ప్రాణం తీయగలదు. ఆముదపు గింజ, గురివింద గింజ కూడా అటువంటివే. పిల్లి ఉన్న ఇంటికి అసలైన లిల్లీ పువ్వులు తేనే తేరాదు. వాటి పుప్పొడి నాకినా పిల్లి మూత్రపిండాలు పాడవుతాయి. ఈ చివరి విషయం తెలియక బహుమతిగా వచ్చిన పువ్వుల గుత్తిని బల్ల మీద ఉంచేవారు చాలామంది.

గన్నేరును కత్తిరించేవారు చేతికి తొడుగు వేసుకొని, పని ముగిశాక చేతులు, కత్తెర సబ్బుతో కడుక్కోవాలి. కొమ్మలను పొయ్యిలోగాని చలిమంటలోగాని కాల్చరాదు, ఆ పొగ కూడా హానికరమే. రోడ్డు పక్కన గాని, ఖాళీ స్థలంలో గాని వదలకుండా సంచిలో మూటగట్టి, తడి చెత్త వేసే డబ్బాలో కలపకుండా, ఉదయం ఘంటాగాడీ వచ్చినప్పుడు పారిశుద్ధ్య కార్మికుని చేతికే ఇచ్చి ‘కణ్హేర ఆహే’ అని చెప్పాలి. ఆ రెండు మాటలు విన్న కార్మికుడు ఆ మూటను దారిలో ఆవుల ముందు విప్పడు.